వీడియో కాల్‌లో జ్వరం ఎంతుందో తెలుస్తుందా?

"రోజూ వీడియో కాల్ మాట్లాడితే దూరంగా ఉన్నవాళ్లు పక్కనే ఉన్నట్టు ఉంటుందా?" అని అడిగారు. ఉండదు. మాది కడప, మా ఆయన 2014 నుంచి కువైట్‌లో డ్రైవర్.

రెండేళ్ల కిందట డిసెంబర్‌లో మా చిన్నోడికి జ్వరం. రాత్రి పన్నెండున్నర. అక్కడ పదవుతుంది, డ్యూటీ దిగి ఉంటారని కాల్ చేశాను.

"ఎంతుంది మే?"

"నూట రెండు."

"నంబర్ వద్దు. చెయ్యి పెట్టి చూసి చెప్పు."

పెట్టాను. "పెనం మాదిరి కాలుతా ఉండాడు."

ఆయన మాట్లాడలేదు. చూస్తే స్క్రీన్ నిండా అరచెయ్యి. గీతలు, స్టీరింగ్ పట్టి కాయ కాసిన చోట్లు కూడా కనిపిస్తున్నాయి. ఫోన్ వాడి నుదుటికి ఆనించమన్నారు.

ఛార్జింగ్‌లో పెట్టి గంటసేపు మాట్లాడామేమో, ఫోన్ బాగా వేడెక్కింది. మామూలుగా అయితే పిల్లల దగ్గర ఉంచను. చలికి వణుకుతున్నవాడు దాన్ని చెంపకు ఆనించుకుని "నాయన చెయ్యి" అన్నాడు. ఛార్జర్ పీకేసి ఊరుకున్నాను. అది బ్యాటరీ వేడని వాడికెందుకు చెప్పాలి? మా అత్తమ్మ లేచి, ఎప్పుడో మామ కువైట్ నుంచి తెచ్చిన లావు కంబళి కప్పింది. అప్పుడు నిద్రపోయాడు.

చుట్టాలు మాత్రం "నీకేం, రోజూ మొహం చూసుకుంటున్నావు, మీ అత్త క్యాసెట్‌లో మీ మామ గొంతు వినడానికి నెలలు కాచుకునేది" అంటారు. ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. చూడటం, తాకడం ఒకటేనా?

2016 నవంబర్‌లో వాట్సాప్‌లో వీడియో రాకముందే మేం దగ్గరగా ఉన్నామని నా నమ్మకం. ఉత్త కాల్ అయితే ఫోన్ చెవికి ఆనుతుంది, చెంప వెచ్చబడుతుంది, ఊపిరి కూడా వినబడుతుంది. వీడియో అయితే మనిషిని మూరెడు దూరం పెట్టి చూడాలి. పైగా దువ్వుకున్నానా, వెనక ఇల్లు సర్దానా అని టెన్షన్.

వేడి కాఫీ కప్పు పట్టుకున్నవాళ్లకు ఎదుటి మనిషి ఆప్యాయంగా కనిపించాడని 2008లో ఇద్దరు అమెరికా పరిశోధకులు రాశారు. తర్వాత ఎక్కువమందితో మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. రాకపోతే రాకపోనీ, ఆ రాత్రి నా కళ్ల ముందు జరిగింది చాలు నాకు.

ఆ తర్వాత జూలైలో ఆయన సెలవు మీద వచ్చారు. పెట్టె భుజం మీదే ఉంది, చెప్పులైనా విప్పలేదు, వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. జ్వరం తగ్గి అప్పటికి ఏడు నెలలు.