తీసుకెళ్లడం వేరు, తీసుకెళ్లిపోవడం వేరు

ప్రశ్న: మేం నలుగురం కలిసి జబ్బుపడ్డ జంతువులను కాపాడే పని చేస్తుంటాం. ఒంటరిగా ఉంటున్న ఒక మామ్మగారి దగ్గర 12 ఏళ్ల కుక్క ఉంది. ఒకప్పుడు 19 కిలోలు ఉండేదట, మొన్న తూచితే 14. వెనక కాళ్ల మీద లేవలేకపోతోంది, తుంటి మీద పుండు, పడుకున్న చోటే మూత్రం. మామ్మగారికి మోకాళ్ల నొప్పులు, చేతికొచ్చే డబ్బు ఆవిడ మందులకే చాలదు. ‘దాన్ని తీసుకుపోతే ఇంక నేనెందుకు’ అని ఏడ్చింది. మా జట్టులో ఒకతను వీడియో తీసి, రేపే కుక్కను తెచ్చేద్దామంటున్నాడు. ఆగుదామన్నందుకు నాది రాతిగుండె అన్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. ఇలాంటప్పుడు ఎప్పుడు తెచ్చేయాలి, ఎప్పుడు వదిలేయాలి?

జవాబు: అతను కుక్క బాధ చూస్తున్నాడు, మీరు మామ్మగారి బాధ చూస్తున్నారు. ఇద్దరూ చూసింది నిజమే. కానీ ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఈ కుక్క ఒంటి పరిస్థితి రెండు వారాలు ఆగగలిగేదా, ఈ రాత్రికే ఆగలేనిదా? అది చెప్పాల్సింది పశువైద్యుడు. మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. కాబట్టి కుక్క ఎక్కడుండాలన్న వాదన పక్కనపెట్టి, రేపటిలోగా దానికి పరీక్ష చేయించండి. వీలైతే మామ్మగారిని కూడా బండిలో ఎక్కించుకుని వెళ్లండి. మోకాళ్లు సహకరించకపోతే డాక్టర్‌ను ఇంటికి రప్పించండి, అదీ కుదరకపోతే పరీక్ష జరుగుతున్నంతసేపూ ఆవిడతో వీడియో కాల్‌లో ఉండండి. చికిత్సకు తీసుకెళ్లడం వేరు, తీసుకెళ్లిపోవడం వేరు. ఆవిడ ఏడ్చింది రెండోదానికి. మొదటిదానికి ఒప్పుకుంటారేమో విడిగా అడిగి చూశారా?

కొన్ని లక్షణాలకు రేపటి దాకా కూడా గడువుండదు. పడుకుని ఉన్నా ఊపిరి అందకపోవడం, 5 నిమిషాలు దాటినా ఆగని మూర్ఛ, పొట్ట ఉబ్బి ఏమీ బయటికి రాకుండా డోకడం, కుక్కపిల్లకు వాంతులతో పాటు రక్తవిరేచనాలు, మగపిల్లి పదేపదే ముక్కుతున్నా మూత్రం చుక్క రాకపోవడం. ఈ చివరిదాన్ని చాలామంది మలబద్ధకం అనుకుని పొరబడతారు. మూత్రనాళం మూసుకుపోతే రక్తంలో పొటాషియం పెరిగిపోయి ఒకటి రెండు రోజుల్లోనే గుండె ఆగవచ్చు. మీ కుక్క విషయంలో అసలు చూడాల్సింది తుంటి మీది పుండు. అందులో పురుగులు కదులుతున్నా, పుండు చుట్టూ వెంట్రుకలకు బియ్యపు నూకలాంటి తెల్లటి గుడ్లు అంటుకుని ఉన్నా ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. ఈగ గుడ్లు సాధారణంగా ఒక్క రోజులోపే పొదుగుతాయి, పురుగులు బయటికి కనిపించేదాని కంటే లోపల చాలా దూరం తొలిచి ఉంటాయి. కిరోసిన్‌లాంటివి పోయొద్దు. మాంసం కాలుతుంది, చర్మంలోంచి ఒంట్లోకి విషం ఎక్కుతుంది.

డాక్టర్ వచ్చేలోపు మీరు చూసి రాసిపెట్టగలిగినవి కొన్ని ఉన్నాయి. పంటి చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు 2 సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. నిద్రలో శ్వాసలు నిమిషానికి 30 దాటకూడదు. ఉష్ణోగ్రత 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. మెడ మీద చర్మం లాగి వదిలే పరీక్షను మాత్రం ఈ కుక్క మీద నమ్మకండి. ముసలిదై, చిక్కిపోయిన కుక్కకు చర్మంలో సాగుడు తగ్గి, ఒంట్లో నీరున్నా ముడత అలాగే నిలబడుతుంది. దానికి బదులు చిగుళ్లు తడిగా జారుతున్నాయా, వేలికి అతుక్కుంటున్నాయా చూడండి.

ఇక చిక్కిపోవడం గురించి. 19 కిలోల నుంచి 14 అంటే నాలుగో వంతుకు పైగా పోయింది, తేలిగ్గా తీసుకునే విషయం కాదు. అయితే పక్కటెముకలు కనిపించగానే తిండి పెట్టడం లేదని తేల్చేయడం రెస్క్యూ పనిలో చాలా సాధారణమైన పొరపాటు. కిడ్నీ జబ్బు, మధుమేహం, క్యాన్సర్, కుళ్లిన పళ్లు, వీటిలో ఏదున్నా కడుపు నిండా పెడుతున్న ఇంట్లో కూడా కుక్క ఎముకల గూడవుతుంది. పడుకున్న చోటే మూత్రం పోవడం కూడా వయసు మీద తోసేయాల్సింది కాదు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, మధుమేహమూ కావచ్చు. రెంటికీ చికిత్స ఉంది. గోళ్లు చూశారా? మరీ పెరిగిపోయిన గోళ్లకు తోడు నున్నటి నేల అయితే కీళ్లు అరిగిన కుక్క లేవాలనుకున్నా కాలు జారుతుంది. గోళ్లు కత్తిరించి, జారని చాప పరిస్తే లేచి నాలుగడుగులు వేసే కుక్కలుంటాయి. అవేవీ చూడకుండా వీడియో తీస్తే కెమెరాకు అందేది ఎముకలూ మామ్మగారి ముఖమూ మాత్రమే.

ఒక హెచ్చరిక. జాలితో గిన్నె నిండా తిండి పెట్టేయకండి. చాలా రోజులు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా పిండిపదార్థం అందితే ఇన్సులిన్ ఎగసి, రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియంలను కణాలు లోపలికి లాగేసుకుంటాయి. రక్తంలో అవి పడిపోయేసరికి కండరాలు, గుండె దెబ్బతింటాయి. కాపాడి తెచ్చిన కుక్క మూడో రోజున చనిపోవడానికి ఇదొక కారణం. లెక్క ఇలా వేస్తారు: కిలోల బరువును 30తో గుణించి 70 కలపాలి. 14 కిలోలకు 490, అంటే కదలకుండా ఉన్న ఒంటికి రోజుకు దాదాపు 500 క్యాలరీలు. మొదటి రోజు అందులో పావు వంతు నుంచి మూడో వంతు వరకే, అదీ ఆరు చిన్న వంతులుగా పెట్టి, నాలుగైదు రోజుల మీద పూర్తి మోతాదుకు తీసుకెళ్లాలి. రక్తపరీక్ష ఫలితం చూసి డాక్టర్ దీన్ని మారుస్తారు. నొప్పికి ఇంట్లో ఏ మాత్ర వేస్తున్నారో కూడా మెల్లగా కనుక్కోండి. మనుషులు వేసుకునే ఐబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేసి కిడ్నీలు పాడుచేస్తుంది, పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు. తిడతారన్న భయం ఉంటే మామ్మగారు ఆ సంగతి దాస్తారు, అందుకే నిందలా కాక మందుల చీటీ చూస్తున్నట్టు అడగాలి.

ఆవిడ అన్న మాట దగ్గరికి వద్దాం. ‘ఇంక నేనెందుకు’ అన్నది ఏడుపులో వచ్చిన మాటే కావచ్చు, కాకపోవచ్చు. ఊహించుకుంటూ కూర్చోకండి. పక్కన కూర్చుని, ‘మామ్మగారూ, చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్నది అపోహ. అవునంటే, ఎలా అని ఆలోచించారేమో, మాత్రలు కూడబెట్టారేమో అడగాలి. ఆ జవాబు విన్నాక ఆవిడను ఒంటరిగా వదలకుండా, అయినవాళ్లకు, ఆవిడ డాక్టర్‌కు, ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కు చెప్పాలి. దీనర్థం కుక్కను ఎప్పటికీ ముట్టుకోకూడదని కాదు. ఆవిడ దగ్గర మనిషి ఉన్నాకే కుక్క గడప దాటాలి, అంతే.

డాక్టర్ చూసి ‘ఇంట్లో ఉంచి చూడొచ్చు’ అంటే రెండు వారాల గడువు పెట్టుకోండి, పని చిన్నచిన్న ముక్కలుగా పంచండి. నాలుగు గంటలకోసారి కుక్కను పక్క మార్చాలి, లేకపోతే తుంటి మీద పుండు మానదు. వంగలేని మనిషికి ఆ పని అప్పజెప్పి, చేయలేదని తప్పుపట్టడం అన్యాయం. మార్చే పని మీ నలుగురూ, ఒప్పుకుంటే ఇరుగుపొరుగు వాళ్లూ పంచుకోండి, మందు వేళకు వేయడం ఆవిడకు వదలండి. కింద నీరు దిగని షీటు, దాని మీద పీల్చుకునే గుడ్డ. తడిసిన చోట వెంట్రుకలు పొట్టిగా కత్తిరించి, గోరువెచ్చని నీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. వారానికోసారి అదే తూకం మీద బరువు. ‘మీరు చూసుకోలేకపోతున్నారు’ అన్న మాట వద్దు. ‘రాత్రిపూట ఏ పని కష్టంగా ఉంది?’ అని అడిగితే అసలు సమస్య ఆవిడే చెబుతారు.

ఇంట్లో కుదరదని తేలితే వెంటనే శాశ్వతంగా తెచ్చుకోవాలని లేదు, మధ్యలో తాత్కాలిక సంరక్షణ ఉంది. దానికి ఒప్పంద పత్రం రెండు ప్రతులుగా రాయండి. కుక్క ఫొటో, ఆ రోజు బరువు, ఎన్నాళ్లు (30 రోజులనుకుందాం), ఖర్చు ఎవరిది, ఆవిడ ఏ రోజుల్లో చూడొచ్చు, ఆపరేషన్‌కు ఎవరి అనుమతి కావాలి, ఆ గడువు లోపల వేరే ఎవరికీ దత్తత ఇవ్వబోమన్న మాట, తిరిగి ఇవ్వడానికి ఏం మారాలో స్పష్టంగా, చికిత్సలో చనిపోతే ఏం చేస్తారో కూడా. కళ్లు సరిగా కనపడకపోవచ్చు కాబట్టి గట్టిగా చదివి వినిపించండి. ఏడుస్తుండగా సంతకం పెట్టించుకోకండి, ఒక రాత్రి ఆ కాగితాన్ని ఆవిడ దగ్గరే ఉంచి మర్నాడు అడగండి. ‘కొన్నాళ్లే’ అని నోటిమాటగా తెచ్చి, తర్వాత దత్తతకు ఇచ్చేస్తే అది మోసమే. కబురు పాకితే ఆ చుట్టుపక్కల జబ్బు జంతువున్న ప్రతి ఇల్లూ మీకు తలుపు వేసేస్తుంది.

బలవంతంగా తీసుకోవాల్సిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. వాతలు తేలేలా కొడుతున్నప్పుడు, నొప్పితో విలవిల్లాడుతున్నా ఉచితంగా చేయిస్తామన్న చికిత్సను కూడా వద్దన్నప్పుడు, ఒప్పుకున్న పని సాయం అందుబాటులో ఉండి కూడా వరసగా జరగనప్పుడు. చేయలేకపోవడానికీ చేయననడానికీ తేడా ఇక్కడే బయటపడుతుంది. జంతువుల సంఖ్య పెరుగుతూ పోయి, చుట్టూ కుళ్లు ఉన్నా ‘అంతా బాగానే ఉంది’ అనే మనిషిది వేరే కథ, అక్కడ తిండి సాయం చేస్తే జంతువులు ఇంకా పెరుగుతాయి. మనిషికి మానసిక వైద్యం లేకుండా అన్నిటినీ తెచ్చేస్తే ఇల్లు మళ్లీ నిండుతుంది. ఏ సందర్భమైనా బలవంతం మీ చేతుల్లో పని కాదు. చాలా చోట్ల చట్టం దృష్టిలో జంతువు యజమాని ఆస్తి, స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకో అధీకృత అధికారికో ఉంటుంది. తేదీలతో ఫొటోలు, బరువుల పట్టిక, డాక్టర్ రాతపూర్వక నివేదిక పెట్టి వాళ్లకు ఫిర్యాదు చేయండి. మీరే ఎత్తుకొస్తే దొంగతనం కేసు మీ మీద పడుతుంది, సాక్ష్యంగా తీసిన వీడియో మీకే అడ్డం తిరుగుతుంది. ఆ వీడియో డాక్టర్‌కూ అధికారికీ చూపించడానికి పనికొస్తుంది. ఊరందరికీ చూపించడానికి మాత్రం వద్దని మీ జట్టులోని అతనికి గట్టిగా చెప్పండి. చచ్చిపోవాలని ఉందేమోనని మనం అనుమానిస్తున్న మనిషి ముఖం అది.

నయం కాని జబ్బు అని తేలే అవకాశమూ ఉంది. అప్పుడు 12 ఏళ్ల కుక్కను కొత్త చోట బోనులో ఆఖరి రోజులు గడపనివ్వడం రక్షణ కాదని నా అభిప్రాయం. అమెరికా పశు క్యాన్సర్ వైద్యురాలు ఆలిస్ విల్లాలోబోస్ 2004లో ఇచ్చిన కొలమానం ఇక్కడ పనికొస్తుంది. నొప్పి అదుపు, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువా అన్నది, ఈ ఏడింటికీ 10కి ఇన్ని మార్కులని వేస్తారు. బాగుంటే 10. మొత్తం 35 దాటితే బతుకు సహించదగ్గదిగా ఉందని లెక్క. మామ్మగారు ఒక కాగితం, మీరొక కాగితం విడివిడిగా నింపి పక్కపక్కన పెట్టి చూడండి. అంకెలు పడిపోతున్నాయని తన చేతిరాతలోనే చూసుకున్నవాళ్లకు ఆఖరి నిర్ణయం మీద కోపం తక్కువగా ఉంటుంది. నొప్పి లేకుండా ప్రాణం తీసే ఇంజెక్షనే దారి అని డాక్టర్ అంటే, అది ఆవిడ ఎదుట, ఆవిడ చెయ్యి కుక్క మీద ఉండగా జరిగేలా చూడండి.

మీ నిద్ర సంగతి. ఈ నిర్ణయం ఒక్కరి గుండె మీద పెట్టుకునేది కాదు. డాక్టర్ నివేదిక ముందు పెట్టుకుని నలుగురూ కూర్చోండి, ఏ లక్షణం కనిపిస్తే ఏం చేస్తారో ముందే రాసుకోండి. రాసుకున్నాక రాతిగుండె ఎవరిదన్న వాదనకు చోటుండదు.

ఒకవేళ కుక్క మీ దగ్గరికే వస్తే, అది పడుకునే పాత గుడ్డ ఉతక్కుండా వెంట తెచ్చుకోండి, ఆ వాసన మీద అది తొందరగా తిండి ముడుతుంది. మొదటి రాత్రి మామ్మగారికి ఫోన్ చేసి అది ఎంత తిన్నదో, ఎక్కడ పడుకుందో చెప్పండి, ఎవరు చేయాలో బయల్దేరే ముందే అనుకోండి.