డ్రోన్ ఫోటోలతో మామిడి తోటలో కార్బన్ ఎంతో తెలుస్తుందా?

చిత్తూరు దగ్గరి మామిడి తోటను డ్రోన్‌తో ఫోటోలు తీయిస్తే, చెట్లలో ఎంత కార్బన్ ఉందో తెలుస్తుందా అని అడిగారు. అంచనా దొరుకుతుంది, కచ్చితమైన తూకం కాదు.

ఒకదాని మీద ఒకటి కొంత పడేలా తీసిన ఫోటోలను సాఫ్ట్‌వేర్‌లో కలిపితే చెట్టు ఎత్తు, గుబురు వెడల్పు వస్తాయి. కానీ బరువులో పెద్ద వాటా మాను, లావు కొమ్మలదే, అవి పైనుంచి సరిగా కనిపించవు. అందుకే కొన్ని చెట్లకైనా టేపు పట్టి, నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున చుట్టుకొలత తీయాల్సిందే. మామిడి అంతకంటే కిందే చీలిపోతే ఆ చీలికకు దిగువన కొలవండి. ఈ కొలతలకూ గుబురు వెడల్పుకూ ఉన్న సంబంధాన్ని బట్టి మిగతా చెట్ల బరువు లెక్కగడతారు. తేమ పోయిన బరువులో దాదాపు 47 శాతం కార్బన్. అంటే 100 కిలోల ఎండు కలపలో 47 కిలోలు, ఆక్సిజన్ బరువూ కలిపి కార్బన్ డయాక్సైడ్‌గా చూస్తే సుమారు 172 కిలోలు.

జాతి సంగతి మాత్రం మరవొద్దు. శేషాచలం ఎర్రచందనం చేవ నీళ్లలో మునిగేంత బరువు. దాని కొలతల నుంచి బరువు లెక్కగట్టే సూత్రాన్ని, కొమ్మలు కత్తిరించి పెంచే మామిడికి వాడితే లెక్క బాగా తప్పుతుంది. పైగా ఎర్రచందనం ఆకు రాల్చే చెట్టు, ఆకు రాలిన రోజుల్లో తీసిన ఫోటోల్లో గుబురు పల్చగా కనిపిస్తుంది.