టెస్టులు ఒక్కటీ లేని ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఆటోమేటెడ్ టెస్టింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

చిన్న పైథాన్ లైబ్రరీ, టెస్టులు సున్నా, ఎవరో ఒకరు పుల్ రిక్వెస్ట్ (తమ మార్పుని కోడ్‌లో కలపమనే అభ్యర్థన) పంపినప్పుడల్లా, దాన్ని కలిపేసే మెర్జ్ నొక్కాలంటే టెన్షన్ అని మీరు రాశారు. నాదీ అదే కథ. సీఎస్‌వీ ఫైళ్లలో తేదీలు సరిచేసే లైబ్రరీ నాది.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. కోడ్ మొత్తానికీ టెస్టులు రాసేద్దామని కూర్చున్నాను. టెస్టుల్లో కోడ్ ఎంత శాతం నడిచిందో చెప్పే కవరేజ్ అంకె బాగానే పెరిగింది. కానీ అవన్నీ ఫంక్షన్‌ని పిలిచి, ఎర్రర్ రాకపోతే చాలనుకునే టెస్టులు. తర్వాత వచ్చిన బగ్‌లలో ఒక్కదాన్నీ పట్టలేదు. ఆ లైను నడిచిందో లేదో కవరేజ్ చెబుతుంది, సరిగ్గా నడిచిందో లేదో చెప్పదు.

రెండోసారి దారి మార్చాను. మూసేసిన ఇష్యూలు (ప్రాజెక్టుకి వచ్చిన ఫిర్యాదులు) తిరగేసి, చివరి ఐదు బగ్‌లకు ఒక్కో టెస్టు పైటెస్ట్ అనే పైథాన్ టూల్‌తో రాశాను. ప్రతి టెస్టునీ బగ్ సరిచేయక ముందున్న కోడ్ మీద నడిపి, ఫెయిల్ అవుతోందని చూశాకే ఉంచుకున్నాను. ఒక్కసారైనా ఫెయిల్ అవడం చూడని టెస్టుని ఇప్పటికీ నమ్మను. మీరూ అలాగే మొదలుపెట్టండి, ఐదు చాలు.

తర్వాత వాటిని ప్రతి పుల్ రిక్వెస్ట్‌కీ దానంతటదే నడిచేలా పెట్టాలి. పబ్లిక్ రిపోజిటరీలకు (అందరికీ కనిపించే ప్రాజెక్టు ఫోల్డర్లకు) గిట్‌హబ్‌లోని ఆటోమేషన్ సేవ గిట్‌హబ్ యాక్షన్స్‌లో మామూలు రన్నర్లు, అంటే టెస్టులు నడిపే మెషీన్లు, ఉచితమే. మొదటి రోజు ఒక్క లినక్స్, ఒక్క పైథాన్ వెర్షన్ పెట్టి పచ్చ టిక్కు తెచ్చుకోండి. మిగతా వెర్షన్లు ఆ తర్వాత. అప్పుడు ఈ సెట్టింగులు రాసే యామల్ ఫైల్లో వెర్షన్‌ని 3.10 అని ఊరికే రాస్తే అది దశాంశ సంఖ్య అనుకుని 3.1గా చదువుకుంటుంది, కోట్స్‌లో పెట్టండి. దీని మీద ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

అసలు తలనొప్పి ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ అయ్యే టెస్టులతో. నా టెస్టు ఒకటి రన్నర్‌లో ఎప్పుడూ పాస్, నా ల్యాప్‌టాప్‌లో మాత్రం రోజులో కొన్ని గంటలు ఫెయిల్. తీరా చూస్తే లైబ్రరీ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) తేదీ తీసుకుంటోంది, టెస్టేమో మెషీన్ స్థానిక తేదీతో పోలుస్తోంది. రన్నర్ గడియారం యూటీసీయే కాబట్టి అక్కడ రెండూ ఒకటే. ‘ఇప్పుడు’ అనే సమయాన్ని ఫంక్షన్‌కి బయటి నుంచి ఇచ్చేలా మార్చాక గొడవ తీరింది. నెట్ నుంచి నమూనా ఫైలు దింపే టెస్టు ఇంకోటి ఉండేది. ఆ సర్వర్ పడుకున్నప్పుడల్లా ఎరుపే. కొన్నాళ్లకు ఎరుపు కనిపించినా ‘ఆ, అది మామూలే’ అని మెర్జ్ చేయడం అలవాటైంది, అందులో నిజమైన బగ్ ఒకటి దాటిపోయింది. ఆ ఫైలుని రిపోజిటరీలోనే పెట్టేశాను.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. ఫోర్క్ (బయటివాళ్లు తీసుకున్న మీ ప్రాజెక్టు కాపీ) నుంచి వచ్చే పుల్ రిక్వెస్ట్‌లకు మీ సీక్రెట్లు, అంటే గిట్‌హబ్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, కీలు, అందవు. అది మంచిదే. అందట్లేదని, అవి అందే పుల్ రిక్వెస్ట్ టార్గెట్ (pull_request_target) ట్రిగ్గర్‌కి మారి, వాళ్ల కోడ్‌ని దానిలో నడిపారంటే ముక్కూ మొహం తెలియని వాళ్ల చేతికి తాళాలిచ్చినట్టే. సీక్రెట్లు అడగని టెస్టులే రాయండి.

మిగతావి చిన్నవి. గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఒక్కో జాబ్‌కి (ఒక రన్నర్ మీద నడిచే పనికి) డిఫాల్ట్ గడువు 360 నిమిషాలు, నేను 10కి తగ్గించాను. టెస్టులు పాసైతే తప్ప మెర్జ్ కాకూడదనే నియమం మాత్రం పై పాస్-ఫెయిల్ గొడవ తీరాకే పెట్టండి, లేకపోతే మీ దారికి మీరే అడ్డం పడతారు. రోజూ రాత్రి నడిచే షెడ్యూల్ కూడా పెడితే, పబ్లిక్ రిపోజిటరీలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే అది ఆగిపోతుంది. మళ్లీ మీరే ఆన్ చేసుకోవాలి.