డమ్మీ లోడ్ కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

బరంపురం నుంచి మామయ్య ఆశీస్సులు. పర్లాకిమిడిలో నీ హామ్ (అభిరుచి రేడియో) స్టేషన్‌కి డమ్మీ లోడ్ వెతుకుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. యాంటెన్నా బదులు తగిలించి, ట్రాన్స్‌మిటర్ పవర్‌ని గాల్లోకి పోనీకుండా వేడిగా మార్చేసే 50 ఓంల రెసిస్టరే కదా అది, చవకగా దొరికిందని తొందరపడి ఆర్డర్ పెట్టకురా. నీ కొలతలన్నిటికీ అదే తూకంరాయి.

ముందు లోపల ఏ రెసిస్టర్ ఉందో అడుగు. వైర్‌వౌండ్ అయితే వద్దు. తీగ చుట్టలు చుట్టి చేస్తారు కాబట్టి రేడియో ఫ్రీక్వెన్సీలో అది కాయిల్‌ అయిపోతుంది. మల్టీమీటర్‌కి మాత్రం చక్కగా 50 ఓంలే చూపిస్తుంది. కొత్తలో నేనూ అలాగే మోసపోయాను. 7 మెగాహెర్ట్జ్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె, 1 అయితే ఏమీ రానట్టు) తగ్గడం లేదని, ఏ లోపమూ లేని ట్రాన్స్‌మిటర్‌ని రెండు వారాలు విప్పుతూ బిగిస్తూ కూర్చున్నాను.

నువ్వు చేసుకున్న 5 వాట్ల సెట్‌కైతే అసలు కొనక్కర్లేదు. 200 ఓంలు, 2 వాట్ల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు నాలుగు ప్యారలల్‌గా కలుపు. 50 ఓంలు, 8 వాట్లు వస్తాయి. కాళ్లు వీలైనంత పొట్టిగా కత్తిరించు. దానికే ఒక డయోడ్, చిన్న కెపాసిటర్ తగిలిస్తే పీక్ వోల్టేజి తెలుస్తుంది. ఆ వోల్టేజిని దానితోనే హెచ్చించి 100తో భాగిస్తే వాట్లు. 5 వాట్లకి సుమారు 22.4 వోల్టులు రావాలి. డయోడ్ దగ్గర పోయే కాస్త వోల్టేజి కలుపుకోవడం మర్చిపోకు. ఈ లెక్క నిలిచేది లోడ్ నిజంగా 50 ఓంలైతేనే. 55 ఉంటే, నువ్వు 5 అనుకున్నది 4.55 వాట్లే.

పెద్ద రిగ్‌కి, అంటే ఎక్కువ పవర్ రేడియో సెట్‌కి, కొనేటప్పుడు '100 వాట్లు' అన్న అక్షరాలు చూసి మురిసిపోకు. ఎంతసేపు అని అడుగు. కొన్ని లోడ్లు ఆ పవర్‌ని కొన్ని సెకన్లే తట్టుకుంటాయి. ఎస్‌ఎస్‌బీలో (గొంతును బట్టే పవర్ వెళ్లే పద్ధతి) మాట్లాడితే మాటల మధ్య కాస్త విరామం ఉంటుంది, ఎఫ్‌ఎంలో నొక్కినంతసేపూ పూర్తి పవరే. అందుకే ఒకసారి బాగా వేడెక్కించి, రిగ్ నుంచి విప్పి, వెంటనే ఓంలు కొలువు. చల్లగా 50, వేడిగా 54 వస్తే దాన్ని కొలతలకి వాడకు. రెసిస్టర్‌ని నూనెలో ముంచి చల్లబరిచే నూనె డబ్బా లోడ్ మంచిదే కానీ పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనె మాత్రం పోయొద్దు. కొన్నిటిలో పీసీబీ అనే విష రసాయనం ఉండేది.

145 మెగాహెర్ట్జ్ వరకే అయితే మామూలు పీఎల్ 259 కనెక్టర్ నడిచిపోతుంది. 435 దగ్గర పనిచేయాలంటే ఎన్ టైపుదే తీసుకో. ఎస్‌డబ్ల్యూఆర్ ఏ ఫ్రీక్వెన్సీ దాకా 1.1 లోపల ఉంటుందో చెప్పమను. చెప్పలేకపోతే వదిలెయ్. మధ్యలో పొడవాటి కేబుల్ పెట్టకు, కేబుల్ తినేసే పవర్ వల్ల చెడ్డ లోడ్ కూడా మంచిదానిలా కనిపిస్తుంది. గోపాల్‌పూర్ ఉప్పుగాలికి నా కనెక్టర్లు పచ్చబడిపోతుంటాయి. మీ ఊళ్లో ఆ బాధ తక్కువే అయినా వానాకాలం అయ్యాక ఒకసారి తుడువు.

ఇంత పట్టుబట్టడానికి కారణం నీకు తెలుసు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ జిల్లా ఎంత దెబ్బతిందో చూశావు. అలాంటి రోజున సెట్ పవర్ ఇస్తోందా లేదా అన్న టెన్షన్ ఉండకూడదు. ముందే, గాల్లోకి సిగ్నల్ వదలకుండా, లోడ్ మీద చూసుకో.

దసరాకి వచ్చేటప్పుడు నీ లోడ్ సంచిలో వేసుకురా. నా దగ్గర నానో వీఎన్‌ఏ (యాంటెన్నాలు, లోడ్లు కొలిచే చిన్న పరికరం) ఉంది, ఇద్దరం కూర్చుని 3.5 నుంచి 435 మెగాహెర్ట్జ్ దాకా కొలుద్దాం.

మీ మామయ్య