కుక్కకి క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకిందంటే కీమో చేయించాలా, వద్దా?

మీ పాపకి, అంటే మీ తొమ్మిదేళ్ల కుక్కకి, రొమ్ము దగ్గర గడ్డ తీయించి ఏడాది తిరగకముందే ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాయని, ఒక డాక్టర్ కీమో మొదలుపెడదామంటే ఇంకొకరు ఇంటికి తీసుకెళ్లి నొప్పి లేకుండా చూసుకోండి అన్నారని, మీరొక మాట మీద, మీ నాన్నగారు ఇంకో మాట మీద ఉన్నారని రాశారు. మా కుక్క మల్లి విషయంలోనూ అచ్చం ఇదే జరిగింది. అప్పటికి దానికి పదకొండేళ్లు. మేం కీమో వద్దనుకున్నాం, ఆ తర్వాత అది నాలుగు నెలల పైన మాతో ఉంది. అలాగని మీరూ అదే చేయండి అని చెప్పడానికి రాయడం లేదు. మేం ఎలా తేల్చుకున్నామో, ఎక్కడ తప్పు చేశామో చెప్తాను, మీకు పనికొచ్చింది తీసుకోండి.

అన్నిటికంటే ముందు ఆ మచ్చలు క్యాన్సరేనా అన్నది గట్టిగా అడగండి. పెద్ద వయసు కుక్కల ఊపిరితిత్తుల్లో గట్టిపడిన పాత మచ్చలు ఉండొచ్చు, ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా మచ్చలు వస్తాయి, ఆఖరికి చనుమొన కూడా ఒక్కోసారి ఎక్స్-రేలో గడ్డలాగే పడుతుంది. మల్లికి మొదట ఒక పక్క నుంచే ఎక్స్-రే తీశారు. కుడి పక్కకి, ఎడమ పక్కకి, వెల్లకిలా, మూడు రకాలుగా పడుకోబెట్టి తీయాలని నాకు తర్వాతే తెలిసింది, ఎందుకంటే కిందికి ఒరిగిన వైపు ఊపిరితిత్తిలో ఉన్నవి సరిగ్గా కనపడవు. మూడు వారాలాగి మళ్లీ తీయిస్తే మచ్చలు పెరిగాయి, కొత్తవి కూడా వచ్చాయి, దాంతో మాకు అనుమానం పోయింది. సీటీ స్కాన్‌లో ఇంకా చిన్నవి కూడా కనపడతాయి గానీ దానికి మత్తు ఇవ్వాలి, పైగా అందులో ఏం వచ్చినా మేం చేసేది మారేలా లేదు, అందుకని వద్దన్నాం. అప్పటినుంచి ప్రతి పరీక్షకీ ముందు డాక్టర్‌ని ఇదే అడిగేదాన్ని: ఇలా వస్తే ఏం చేస్తాం, అలా వస్తే ఏం చేస్తాం అని. రెండిటికీ ఒకే జవాబు వస్తే మల్లిని మళ్లీ కారెక్కించే పని పెట్టుకోలేదు.

ఇంకో సంగతి. పాకింది అనగానే అంతా అయిపోయింది అనుకుంటాం, కానీ అది ఏ క్యాన్సర్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. లింఫోమా (లింఫ్ గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్) అయితే బయటపడేసరికే చాలాసార్లు ఒళ్లంతా ఉంటుంది, అయినా ఎక్కువ కుక్కల్లో కీమోకి బాగా తగ్గుతుంది, చాలావాటికి ఏడాది దాకా మంచి రోజులు దొరుకుతాయి, ఒట్టి స్టెరాయిడ్ మీద ఉంచితే మాత్రం సాధారణంగా నెలా రెండు నెలలే. (లింఫోమా ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, కీమో సంగతి తేల్చుకోకముందే స్టెరాయిడ్ మొదలుపెట్టకండి, తర్వాత ఇచ్చే కీమో సరిగ్గా పని చేయకపోవచ్చు.) ప్లీహంలో వచ్చే రక్తనాళాల క్యాన్సర్ దీనికి పూర్తిగా వేరు, ఆపరేషన్, కీమో రెండూ చేసినా మామూలుగా కొన్ని నెలలే. కాలి ఎముకకి వస్తే, ఊపిరితిత్తులకి పాకిన తర్వాత కూడా కాలు తీసేయడం గురించి ఆలోచిస్తారు, ప్రాణం నిలుస్తుందని కాదు, ఆ ఎముక నొప్పిని మందులు చాలాసార్లు పూర్తిగా ఆపలేవు కాబట్టి. మీ పాపది, మా మల్లిది రొమ్ము క్యాన్సర్. ఇది ఊపిరితిత్తుల దాకా వెళ్లాక కీమో వల్ల ఎంత లాభం అన్నదానికి గట్టి ఆధారాలు తక్కువ. మా డాక్టర్ ఈ మాట తనంతట తాను చెప్పలేదు, నేను సూటిగా అడిగితే చెప్పారు. మీరూ అడగండి. ఈ మందుతో ఎన్ని కుక్కల్లో గడ్డలు తగ్గడం చూశారు, పని చేయడం లేదని మనకి ఎన్ని డోసుల్లో తెలుస్తుంది, అప్పుడు ఆపేస్తారా? జవాబులు అక్కడికక్కడే కాగితం మీద రాసుకోండి, ఇంటికొచ్చేసరికి సగం గుర్తుండవు.

కీమో అంటే మనుషులకి అయ్యేంత బాధ ఉంటుందని భయపడి మాత్రం వద్దనుకోకండి. కుక్కలకి డోసు తక్కువగానే ఇస్తారు, ఉన్నన్నాళ్లు హాయిగా ఉండాలన్నదే లెక్క. బొచ్చు ఆగకుండా పెరిగే పూడిల్ లాంటి జాతులకి తప్ప మిగతావాటికి పెద్దగా రాలదు. రెండు మూడు రోజులు వాంతులో విరేచనాలో ఉండొచ్చు. డోసు ఇచ్చిన వారం అటూ ఇటూగా తెల్ల కణాలు పడిపోతాయి, ఆ రోజుల్లో జ్వరం వచ్చి డల్‌గా పడుకుంటే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా హాస్పిటల్‌కి పరిగెత్తాలి. నా ఫ్రెండ్ వాళ్ల కుక్కకి లింఫోమాకి కీమో చేయించారు, డోసు అయిన మూడో రోజే బంతి పట్టుకుని తిరిగేది. మల్లి స్వభావం వేరు. హాస్పిటల్ వీధి మలుపులోనే వణుకు మొదలయ్యేది, తిరిగొచ్చాక రెండు రోజులు మంచం కింద నుంచి వచ్చేది కాదు. వారం వారం తీసుకెళ్తే దానికి మిగిలిన రోజుల్లో సగం మంచం కిందే పోతాయనిపించింది. మేం వద్దనుకోవడానికి అసలు కారణం అది. డబ్బు సంగతి కూడా మాట్లాడుకున్నాం, మాట్లాడుకోవాలి కూడా, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

వద్దనుకున్నాక చేతులు కట్టుకుని కూర్చోలేదు. మందులు నిజానికి అప్పుడే పెరిగాయి. నొప్పికి ఒకటి, వికారానికి ఒకటి, ఆకలికి ఒకటి. రెండో నెలలో నాలుగు కాళ్లూ వాచి, ముట్టుకుంటే వేడిగా అనిపించి, నడవడానికి మొరాయించింది. వయసుకి వచ్చే కీళ్లవాతం అనుకుని నేను వారం రోజులు ఊరుకున్నాను, దానికి ఇప్పటికీ బాధ పడతాను. ఛాతీలో గడ్డలున్న కుక్కలకి కాళ్ల ఎముకల చుట్టూ కొత్త ఎముక పెరిగి ఇలా వాస్తుందట, నొప్పి మందు మార్చాక మూడు రోజుల్లో మళ్లీ గేటు దాకా నడిచింది. కాబట్టి కుంటితే వెంటనే చెప్పండి. మనం వేసుకునే నొప్పి మాత్రలు మాత్రం పొరపాటున కూడా వేయకండి, ఐబుప్రొఫెన్ కుక్కలకి విషం. నొప్పి మందు, స్టెరాయిడ్ వేర్వేరు డాక్టర్లు రాస్తే ఒకరి చీటీ ఇంకొకరికి చూపించండి, ఆ రెండూ కలిస్తే కడుపులో పుండ్లు పడి రక్తం పోవచ్చు.

మీ నాన్నగారి గురించి. మా ఇంట్లో కీమో కావాలన్నది మా నాన్నే. చేయగలిగింది చేయలేదన్న మాట మిగలకూడదు అనేవారు, మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. వాదించి లాభం లేక ఆయనకి ఒక పని అప్పగించాను. మల్లికి బాగా ఇష్టమైనవి మూడు రాశాం: ఎవరొచ్చినా గేటు దగ్గరికి వెళ్లడం, తన గిన్నె తనే ఖాళీ చేయడం, రాత్రి పక్కకి ఒరిగి నిద్రపోవడం. రోజూ పడుకునే ముందు నాన్న క్యాలెండర్‌లో టిక్కో ఇంటూనో పెట్టాలి. అలిస్ విల్లలోబోస్ అనే వెటర్నరీ డాక్టర్ తయారుచేసిన స్కేల్ ఒకటుంది, నొప్పి, ఆకలి, నీళ్లు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది, ఈ ఏడింటికీ పదేసి మార్కులు, మొత్తం 35 దాటితే ఫర్వాలేదని లెక్క. అది మేం వారానికోసారి వేసేవాళ్లం, కానీ నాన్న కళ్లు తెరిపించింది క్యాలెండరే. నాలుగో నెల దాటాక వరసగా ఐదు ఇంటూలు పడ్డాయి. ఆ రాత్రి ఆయనే వచ్చి ఇక చాలమ్మా అన్నారు.

అప్పుడు మేం చేసిన తప్పు చెప్తాను. చెల్లి వేరే ఊళ్లో ఉంది, తను వచ్చి చూడాలని రెండు రోజులు ఆగాం. ఆ రెండు రాత్రులూ మల్లి పడుకోలేదు. పడుకుంటే ఊపిరి అందక మెడ చాచి కూర్చునే ఉంది, కళ్లు మూతలు పడుతుంటే ఉలిక్కిపడి లేచేది. చెల్లి కూడా వచ్చాక, నా కోసం ఎందుకు ఆపారు అని ఏడ్చింది. ఏ గుర్తు కనిపిస్తే ఆపాలో, ఎవరు ముందే వచ్చి చూసుకోవాలో, పాప బాగున్నప్పుడే మాట్లాడుకుని పెట్టుకోండి. బాధ లేకుండా ప్రాణం పోయేలా ఇచ్చే ఆఖరి ఇంజెక్షన్ గురించి భయం ఉంటే, మాకు డాక్టర్ ఇంటికే వచ్చారు, ముందు మత్తు ఇచ్చారు, మల్లి ఆ రెండు రాత్రుల తర్వాత మొదటిసారి పక్కకి ఒరిగి నిద్రపోయింది, తర్వాతే రెండోది. ఒకటి రెండు నిమిషాలు పట్టింది. కళ్లు తెరిచే ఉంటాయి, తర్వాత ఒకటి రెండు సార్లు ఒళ్లు కదిలి ఊపిరి తీసినట్టు అనిపించొచ్చు, ప్రాణం ఉండి కాదు, ముందే తెలిస్తే కంగారు పడరు.

మీ పాప ఇంకా తింటోంది, తోక ఊపుతోంది అని రాశారు కదా, అంటే ఆలోచించుకోవడానికి మీకు కాస్త టైమ్ ఉంది. ఈ రాత్రి అది గాఢంగా నిద్రపోయాక పక్కన కూర్చుని ఒక నిమిషంలో ఎన్నిసార్లు ఛాతీ లేస్తుందో లెక్కపెట్టి తేదీ వేసి రాయండి. మామూలుగా 30 లోపే ఉండాలి. మీ నాన్నగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, రేపటినుంచి ఆయన్నే లెక్కపెట్టమనండి.