స్టీలు గుడ్డ మోల్డుకి తొడిగేముందు

చిరంజీవి మేనల్లుడికి, విజయనగరం నుంచి మావయ్య ఆశీస్సులు.

సిరిమాను పండగ దాటగానే కారు అద్దాల ఫ్యాక్టరీలో చేరుతున్నావని, బెండింగ్ సెక్షన్లో వేశారని మీ అమ్మ చెప్పింది. అక్కడ నీ చేతికి ముందుగా వచ్చేది మోల్డుకి, అంటే అద్దాన్ని వంచే అచ్చుకి, తొడిగే స్టీలు గుడ్డే. దాని సంగతి రాస్తున్నాను.

600 డిగ్రీలు దాటిన అద్దం మెత్తగా ఉంటుంది, వట్టి మోల్డు తగిలితే మచ్చ పడుతుంది. అందుకే మధ్యన ఈ గుడ్డ. 12 మైక్రాన్ల స్టీలు పోగులు, అంటే తలవెంట్రుకలో ఆరో వంతు ఉండేవి, కట్టగా పేని ఆ నూలుతో అల్లుతారు. నేత కాదు, అల్లిక. పొందూరు పంచెను నిలువుగా లాగి చూడు, కదలదు. బనియన్ని లాగు, సాగిపోతుంది. అక్కడ సాగేది పోగు కాదు, లూపు. గుండ్రటి లూపు కోలగా మారుతుంది, నూలు నూలు మీద జారుతుంది. లూపులన్నీ బిగుసుకున్నాక మాత్రం గుడ్డ మొండికేస్తుంది, బరువు నేరుగా పోగుల మీద పడుతుంది. తెగడం అక్కడే మొదలు. లూపుల్లో ఆ సాగుడు అయిపోకముందే ఆగడం తెలియాలి నీకు.

ఎక్కడ ఆగాలో గుడ్డ చుట్ట (రోల్) మారినప్పుడల్లా చూసుకో. నిలువు వరస వెంట ఒకటి, అడ్డ వరస వెంట ఒకటి, 5 సెంటీమీటర్ల వెడల్పు, 20 పొడవు ముక్కలు కోయి. మధ్యన 10 సెంటీమీటర్లకి గీతలు పెట్టి వేలాడదీసి, పావు కిలో చొప్పున బరువు పెంచుతూ గీతల దూరం రాసుకో. బరువు పెంచినా దూరం పెద్దగా పెరగని చోటే గుడ్డ మొండికేసే చోటు, దానికి ముందే ఆగాలి. రెండు ముక్కలూ ఒకేలా సాగవు. బరువు తీసేశాక మొదటిసారి గీత వెనక్కి పూర్తిగా రాదు. పోగుల మధ్య రాపిడి లూపుని పట్టేస్తుంది. అలా నాలుగైదు సార్లు చేస్తే కుదురుకుంటుంది. ఏటి మావయ్యా ఈ చాదస్తం అనకు, కొత్త గుడ్డ రెండో రోజుకే వదులయ్యేది ఇలా కుదుర్చుకోకుండా తొడిగినందుకే.

తొడిగేటప్పుడు వేడి లెక్క మరిచిపోకు. 316ఎల్ అనే రకం స్టెయిన్‌లెస్ స్టీలు మీటరు పొడవుకి 600 డిగ్రీల పెరుగుదలలో 10 మిల్లీమీటర్ల పైనే పెరుగుతుంది. మోల్డు ఫ్యూజ్డ్ సిలికాది, అంటే కరిగించిన సిలికాతో చేసినదైతే అర మిల్లీమీటరు కూడా పెరగదు. అంటే చల్లగా ఉన్నప్పుడు చక్కగా అమరిన గుడ్డ వేడిలో ముడత వేస్తుంది, ఆ ముడత అద్దం మీద అచ్చు పడుతుంది. అలాగని డప్పు తోలులా బిగించకు. లూపులు తెరుచుకుని గుడ్డ పలచబడుతుంది, మెత్త పోతుంది, నూలు గీతలు అద్దంలో దిగుతాయి. అంచుల్లో స్ప్రింగులుంటే వదులు అవే లాక్కుంటాయి, లేకపోతే మొదటి వేడి అయ్యి మోల్డు చల్లారాక మళ్ళీ సర్దాలి. మధ్య నుంచి మొదలుపెట్టి ఎదురెదురు క్లాంపులు బిగించు, ఒకే వైపు చుట్టుకుంటూ పోతే లూపు వరసలు వంకర తిరుగుతాయి. కుట్టు అద్దంలో చూపు పడే చోటికి రాకూడదు.

జెర్సీ అల్లికైతే, అంటే బనియన్ లాంటి సాదా అల్లికైతే, పక్క అంచులు వెనక్కీ, పై కింద అంచులు ముందుకీ చుట్టుకుంటాయి, కోసేటప్పుడు 3 సెంటీమీటర్లు ఎక్కువ ఉంచు. ఒక్క లూపు తెగినా మేజోడులా బారున విడిపోతుంది. మోల్డు మూలల మీద ఈడ్చకు.

తయారైన అద్దాన్ని ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టు. లైటు గీత వంకరగా ఒకే చోట మళ్ళీ మళ్ళీ కనిపిస్తే గుడ్డ ముడత, ఊరికే చారలుగా కనిపిస్తే పలచబడింది. వాడిన గుడ్డ అంచు మడిచి చూడు. పెళుసుగా విరిగి నల్ల పొడి రాలితే ఆక్సైడు తినేసినట్టే, ఇంకో షిఫ్టు లాగించు అని ఎవరు చెప్పినా వినకుండా మార్చెయ్.

గ్లవ్స్ లేకుండా ముట్టకు, పోగులు చర్మంలో దిగుతాయి, చేతి జిడ్డు గుడ్డ మీద మాడుతుంది. కోసిన చోట గాలి గొట్టంతో ఊదొద్దు, వాక్యూమ్ పెట్టు. ఆ పోగులు కరెంటు పారిస్తాయి, హీటరు ప్యానెల్లోకి ఎగిరితే షార్టే.

ఇట్లు,
మావయ్య