పాస్‌వర్డ్ తప్పైతే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ క్లయింట్ రెండో సర్వర్‌కు వెళ్తుందా?

వెళ్లదు. కనెక్షన్ స్ట్రింగ్‌లో (ఎక్కడికి, ఎలా కనెక్ట్ కావాలో చెప్పే లైనులో) ఎన్ని హోస్టులు, అంటే సర్వర్ అడ్రసులు, ఇచ్చినా, మొదటి సర్వర్ పాస్‌వర్డ్‌ను తిరస్కరిస్తే పోస్ట్‌గ్రెస్ క్లయింట్ లైబ్రరీ లిబ్‌పీక్యూ అక్కడే ఆగిపోతుంది.

పోస్ట్‌గ్రెస్ 10లో వచ్చిన ఈ హోస్టుల లిస్టు, సర్వర్ అందుబాటులో లేనప్పుడు పక్కదాన్ని ప్రయత్నించడానికి ఉద్దేశించింది. పాస్‌వర్డ్ తప్పని చెప్పిందంటే సర్వర్ బతికే ఉందన్నమాట. అది సెట్టింగుల పొరపాటు. దాన్ని దాటేసి ముందుకు పోతే తప్పు ఎప్పటికీ బయటపడదు. అందుకే ఇలా అక్కడే ఆగిపోవడమే సరైనది.

ఉదాహరణకు లిస్టులో డీబీ1, డీబీ2 ఉన్నాయి. డీబీ1 సర్వీస్ ఆపేస్తే క్లయింట్ డీబీ2కి చేరుతుంది. డీబీ1 నడుస్తూ, అందులో పాస్‌వర్డ్ మాత్రమే మారిస్తే ఎర్రర్ వస్తుంది, డీబీ2 లాగ్‌లో ఒక్క లైనూ పడదు.

‘ఏ ఎర్రర్ వచ్చినా తర్వాతి హోస్ట్‌కు పోతుంది’ అనేది చాలామందికున్న అపోహ. అందుకే ఫెయిలోవర్ (ఒక సర్వర్ పడిపోతే ఇంకోదానికి మారడం) టెస్ట్‌కు పాస్‌వర్డ్ చెడగొట్టకండి, సర్వర్‌నే ఆపండి. ఇంకో మాట: తప్పు పాస్‌వర్డ్‌తోనూ లాగిన్ అవుతుంటే ఎవరిని ఎలా లోపలికి రానివ్వాలో సర్వర్‌కు చెప్పే పీజీ హెచ్‌బీఏ ఫైల్ (pg_hba.conf) చూడండి. అక్కడ ‘ట్రస్ట్’ అని ఉంటే సర్వర్ పాస్‌వర్డ్ అడగనే అడగదు. రెండు సర్వర్లకు వేర్వేరు పాస్‌వర్డ్‌లుంటే, క్లయింట్ పాస్‌వర్డ్‌లు చదువుకునే పీజీపాస్ ఫైల్‌లో (.pgpass) హోస్ట్‌కో లైను రాసుకోవచ్చు.